కొమ్ములు అరగదీసుకున్నవాడు

హెల్‌బాయ్ నుదుటి మీద రెండు గుండ్రటి దిమ్మలుంటాయి. దూరం నుంచి చూస్తే మోటారు సైకిలు కళ్లద్దాలు పైకి తోసుకున్నట్టు కనిపిస్తాడు. అవి కొమ్ముల మొదళ్లు. పెరిగినప్పుడల్లా తనే అరగదీసుకుంటాడు. లోకాన్ని అంతం చేయడానికని తెచ్చిన రాక్షసుడు, ఆ పని నేను చేయనని ఒంటి మీదే రాసి పెట్టుకున్నాడన్నమాట. అమెరికన్ చిత్రకారుడు మైక్ మిన్యోలా ఈ పాత్రను కల్పించి ముప్ఫై ఏళ్లు దాటింది. ఆయన గీసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆ రెండు దిమ్మలే.

2019లో నీల్ మార్షల్ తీసిన ‘హెల్‌బాయ్’ ఈ మధ్య మళ్లీ చూశాను. అంతకుముందు గిల్యెర్మో దెల్ తోరో 2004లో, 2008లో రెండు సినిమాలు తీశాడు. మూడోది రాలేదు. దాని బదులు కథను మొదటికి తెచ్చి, కొత్త నటుడితో, పెద్దలకు మాత్రమే అనిపించేంత నెత్తురుతో ఈ సినిమా తీశారు. సుమారు 5 కోట్ల డాలర్లు పెడితే, ప్రపంచమంతా కలిపి వచ్చింది అంతకు కాస్త పైన. అందులో థియేటర్ల వాటా పోను మిగిలేదేముంటుంది? అయితే నా పేచీ వసూళ్లతో కాదు. బొమ్మలేసుకుని బతికేవాణ్ణి, నా పేచీ బొమ్మ దగ్గరే.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. 1944 డిసెంబరులో, యుద్ధం ఓడిపోతున్న నాజీల కోసం రష్యన్ మాంత్రికుడు రస్పుటిన్ ఓ క్షుద్రపూజ చేస్తాడు. దాంతో ఒక ఎర్రటి పిల్లవాడు నరకం నుంచి భూమ్మీద పడతాడు. వాడి కుడిచెయ్యి రాయి. ప్రళయాన్ని తెరిచే తాళంచెవి ఆ చెయ్యే. బ్రూమ్ అనే ప్రొఫెసర్ వాణ్ణి కొడుకులా పెంచుతాడు. పెద్దయ్యాక వాడు దెయ్యాల్నీ భూతాల్నీ పట్టే సంస్థలో ఉద్యోగానికి చేరతాడు. పోట్లాట అంటే విసుగు, తన పుట్టుక గురించి ఎవరైనా ఎత్తితే ఇంకా విసుగు.

మిన్యోలా 1980ల మొదట్లో మార్వెల్ కంపెనీలో ఇంకర్‌గా చేరాడు. వేరేవాళ్లు పెన్సిలుతో గీసిన బొమ్మల మీద సిరా పెట్టడం ఆ పని. 1994లో డార్క్‌హార్స్ అనే ప్రచురణ సంస్థ వేసిన తొలి హెల్‌బాయ్ పుస్తకానికి మాటలు జాన్ బర్న్ రాశాడు, ఆ తర్వాత మిన్యోలాయే రాసుకున్నాడు. ఆయన పేజీ తిప్పగానే ముందు కంటికి తగిలేది నలుపు. ముఖంలో సగం నలుపు. చర్చి గోడ మొత్తం నలుపు, దాని మీద ఒక్క కిటికీ. మధ్యలో ఉన్నట్టుండి ఓ చిన్న గడిలో రాతి విగ్రహం ముఖమో, ఎండిన పుర్రో వస్తుంది. మాట ఉండదు, చప్పుడు ఉండదు. కథ ఓ క్షణం ఆగి చుట్టూ చూసి మళ్లీ నడుస్తుంది.

నలుపు పెట్టడం ఎంత కష్టమో పెట్టినవాళ్లకే తెలుస్తుంది. వారపత్రిక కథకు బొమ్మ వేసేటప్పుడు పెన్సిలులో అన్నీ గీస్తాను. తలుపు పట్టుకున్న చెయ్యి, వేళ్లు, వెనక గోడ, గోడ మీద కేలెండరు, మూలన కుర్చీ. సిరా పెట్టే వేళకు పరీక్ష మొదలవుతుంది. బ్రష్షు నిండా ఇండియన్ ఇంకు తీసుకుని, ఒళ్లు దాచుకోకుండా గీసిన ఆ గోడనూ కుర్చీనీ ముంచేయాలి. మనసొప్పదు. కానీ ముంచిన తర్వాతే తలుపు మీది చెయ్యి బతుకుతుంది. చూసేవాడి కన్ను తిన్నగా అక్కడికే పోతుంది. ఆ చీకట్లో ఏముందో వాడే పూరించుకుంటాడు, నేను గీయగలిగినదానికంటే భయంకరంగా పూరించుకుంటాడు. మిన్యోలా బొమ్మల ముందు కూర్చుని ఈ సంగతి నేర్చుకున్నాను, ఇంకా నేర్చుకుంటున్నాను.

ఆయన రాసి గీసిన ‘ది కార్ప్స్’ అనే కథ ఉంది. 1959, ఐర్లండ్. ఓ ఇంట్లో పసిబిడ్డను యక్షులు ఎత్తుకుపోయి, ఆ ఉయ్యాల్లో తమవాణ్ణి పడుకోబెడతారు. బిడ్డను తిరిగివ్వాలంటే హెల్‌బాయ్ ఓ పని చెయ్యాలి. ఒక శవాన్ని వీపున వేసుకుని, తెల్లారేలోగా చర్చి స్థలంలో పూడ్చిపెట్టాలి. శవం ఊరుకోదు, మాట్లాడుతుంది. ఇక్కడ కాదు, ఫలానా చర్చికి పద అంటుంది. ఆ చర్చికి వెళితే అక్కడి చచ్చినవాళ్లు ఒప్పుకోరు. ఎముకలు, మట్టి, చీకటి, భుజం మీది నుంచి ఆగకుండా సణుగుడు. తెలుగువాడు ఎవడైనా ఈ కథ చదువుతూ చందమామ పత్రికను తలుచుకోకుండా ఉండగలడా? ఐర్లండ్ జానపద కథకూ మన బేతాళుడికీ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చాలి గానీ, భుజాన మాట్లాడే శవంతో రాత్రివేళ నడిచేవాడు మనకు కొత్త కాదు. కత్తి పట్టిన విక్రమార్కుడు, భుజాన శవం, చుట్టూ శ్మశానం. చందమామలో శంకర్ గారు వేసిన ఆ ఒక్క బొమ్మ ఏళ్ల తరబడి బేతాళ కథలకు తలకట్టుగా వచ్చింది. అందులో తెగిన అవయవం లేదు, చిందిన నెత్తురు లేదు. అయినా రాత్రిపూట ఆ పేజీ తిప్పడానికి జంకిన పిల్లలు మా తరంలో ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

2019 సినిమాలో ఈ ‘ది కార్ప్స్’ ఉంది. కథలోని ఆ పసిబిడ్డే పెద్దదై ఆలిస్ మొనాహన్ అనే పాత్రగా వస్తుంది. బిడ్డ చోట్లో పడుకున్న గ్రుయగాక్ పందిముఖంతో పగబట్టి తిరుగుతుంటాడు. కానీ ఆ రాత్రి ప్రయాణం లేదు. ఉయ్యాల ముచ్చట ఓ చిన్న ఫ్లాష్‌బ్యాక్‌లో అయిపోతుంది. మూడు పెద్ద కథల్ని ఒక్క సినిమాలో కుక్కారు. పైన ఆర్థర్ రాజు, ఆయన కత్తి, ముక్కలుగా నరికి పెట్టెల్లో దాచిన మంత్రగత్తె నిమ్యూ. ఇన్ని పెట్టాక ఏ ఒక్కదానికీ మౌనం మిగలదు. ఆ మౌనాన్ని నెత్తురుతో పూడ్చారు. చివర్లో లండన్ నడివీధుల్లో భూతాలు పైకి లేచి మనుషుల్ని చీల్చి పోగులు పెడుతుంటే తెర మీద చీకటి మూల ఒక్కటీ కనబడదు. అంతా వెలుతురే, అంతా వివరమే. పెన్సిలు గీతలన్నిటికీ సిరా పెట్టిన బొమ్మ అది.

నెత్తురు మీద నాకు కోపం లేదు. ఇదే నీల్ మార్షల్ 2005లో ‘ది డిసెంట్’ తీశాడు. గుహలో ఇరుక్కున్న కొందరు ఆడవాళ్ల కథ. అందులోనూ నెత్తురు ఏరులై పారుతుంది. కానీ సగం సినిమా దాకా రాక్షసి సరిగా కనబడదు. రాయి, నీళ్లు, టార్చి వెలుగు, ఊపిరి చప్పుడు. చీకటి విలువ అంత తెలిసిన దర్శకుడు ఆయన. ‘హెల్‌బాయ్’ తీసిన అనుభవం గురించి తర్వాత ఆయనే చేదుగా మాట్లాడాడు. అందుకే తప్పంతా ఆయన నెత్తిన వేయడానికి నాకు మనసు రాదు.

ఈ సినిమాలో బాగున్నదాన్ని బాగుందని చెప్పాలి. మంత్రగత్తె బాబా యగా ఇంటి ఘట్టం అచ్చంగా మిన్యోలా లోకం. కోడికాళ్ల మీద నడిచే గుడిసె. లోపల దూలాలకు వేలాడే పిల్లల శవాలు. ఒంటికన్ను ముసలిది చేతులూ కాళ్లూ వెనక్కి విరిచి నేల మీద పాకుతుంది. అది కంప్యూటర్ చేసిన వంపు కాదు, ట్రాయ్ జేమ్స్ అనే మనిషి ఒళ్లు నిజంగా అలా తిరుగుతుంది. అక్కడ గది మసకగా ఉంది, ముసలిదానికి ఆకలి ఉంది, హెల్‌బాయ్‌తో పాత పగ ఉంది. హెల్‌బాయ్‌గా వేసిన డేవిడ్ హార్బర్‌నూ తక్కువ చేయలేం. జోయల్ హార్లో అతికించిన మేకప్ కింద ఆ మనిషి కళ్లు మాత్రమే మిగిలాయి, ఆ కళ్లతోనే తండ్రి మీద అలిగిన కొడుకును చూపించాడు. తనలాంటి జీవుల్ని చంపే పని తండ్రి తనకెందుకు నేర్పాడని అడిగే మాటలో నిజమైన బాధ ఉంది. దాన్ని పట్టుకుని నిలబడి ఉంటే సినిమా వేరేగా ఉండేది.

ఎందుకంటే హెల్‌బాయ్ కథకు ప్రాణం ఆ ‘నాకొద్దు’లో ఉంది. 1999లో మిన్యోలా ‘పాన్‌కేక్స్’ అని రెండంటే రెండు పేజీల కథ వేశాడు. బుడ్డ హెల్‌బాయ్ నూడుల్స్ కావాలని మారాం చేస్తాడు. ఓ పెద్దాయన బతిమాలి ఒక ముక్క పాన్‌కేక్ తినిపిస్తాడు. పిల్లాడికి నచ్చుతుంది. అదే క్షణంలో నరకంలో రాక్షసులంతా గుండెలు బాదుకుంటారు, ఇక వాడు మనకు దక్కడని. ఒక మనిషి ప్రేమగా పెట్టిన ఫలహారం ముందు నరకం ఓడిపోయింది. నెత్తురు చుక్క లేకుండా నరకాన్ని ఇంత బాగా చూపించిన బొమ్మల కథ నేను మరొకటి చదవలేదు.

2024లో ‘ది క్రుకెడ్ మ్యాన్’ అనే మరో హెల్‌బాయ్ సినిమా వచ్చింది. చిన్న కథ, అపలాచియా కొండలు, స్క్రిప్టులో మిన్యోలా చెయ్యి కూడా ఉంది. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, వెళ్లిన దారి మాత్రం సరైనది.

హెల్‌బాయ్‌ను సినిమాల ద్వారానే ఎరిగినవాళ్లకు ఒక మనవి. ‘పాన్‌కేక్స్’, ‘ది కార్ప్స్’ సంపాదించి చదవండి, రెండూ కలిపినా గంట పట్టదు. ఇంట్లో బొమ్మలేసే పిల్లలుంటే, వాళ్లకు ఆ నలుపు దగ్గరుండి చూపించండి. తర్వాత 2019 సినిమా చూసి, మీకు భయం ఎక్కడ వేసిందో నాకు రాయండి.