సుబ్బారావుగారి కథ – చెప్పవలసిన తీరు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. వారిని గురించి తెలుగులో వచ్చిన వ్యాసములకు, వేదికలపై జరిగిన ఉపన్యాసములకు లోటు లేదు. వీనిలో చాలవాటి నడక ఒక్కటే: పేదరికము, చదువుకై పడిన పాట్లు, అమెరికా ప్రయాణము, ఆపై నాలుగైదు మందుల పేర్లు, చివరకు నోబెల్ బహుమానము రాలేదను విచారము. కథ వినసొంపుగనే ఉండును. కాని తరగతిలో ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఆ మందులు ఎక్కడినుంచి వచ్చాయండీ?" అని అడిగినచో, ఈ వ్యాసములు మాత్రమే చదివిన ఉపాధ్యాయునికి చెప్పుటకు ఏమియు దొరకదు. అసలు లోపము ఇదియే.

సుబ్బారావుగారి కృషిలో చాల భాగమునకు ఆధారము ప్రాణులు తమ దేహములలో తయారుచేసుకొను పదార్థములు. 1923లో అమెరికా చేరిన పిమ్మట వారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేసిరి. దేహద్రవములలోని భాస్వరమును రంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని ఈ ఇద్దరును 1925లో ప్రకటించిరి. కండరముల రసమును ఈ పద్ధతిలో పరీక్షించినప్పుడు, రంగు ఒక్కమారుగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుచు వచ్చెను. దీనిని ప్రయోగదోషమని త్రోసివేయుట సులభము. వారట్లు చేయలేదు. నిలకడలేని భాస్వర సమ్మేళనమేదో ఆమ్లములో క్రమముగా విడిపోవుచున్నదని ఊహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించిరి. 1929లో ఎ.టి.పి.ని కండరమునుండి వేరుచేసిరి. కండరము పనిచేయుటకు కావలసిన శక్తి దీనినుండియే లభించును. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ ఎ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనెను. ఈ మాట మన వ్యాసములలో తరచుగా కనబడదు. చెప్పినందువలన సుబ్బారావుగారి గౌరవమునకు వచ్చిన కొరత లేదు; చెప్పకుండుటవలన సత్యమునకు మాత్రము కొరత వచ్చును.

ఫోలిక్ ఆమ్లపు కథ ఇంకను విపులముగా చెప్పదగినది. బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టు సారముతో నయమగుచున్నదని లూసీ విల్స్ 1931లో ప్రకటించెను. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఈ ఆమ్లమును రాబట్టి, దానికి ఆకు అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945 నాటికి దానిని కృత్రిమముగా తయారుచేయగలిగెను. ఆకులోను, ఈస్టులోను, కాలేయములోను ఉన్న వస్తువు గాజుపాత్రలో తయారైనది. కాలేయమునుండి వేరుచేసిన ఆమ్లమునకును, దీనికిని అణునిర్మాణము ఒక్కటే. "ప్రకృతిసిద్ధమైనది మంచిది, రసాయనము చెడ్డది" అను నానుడిని పరీక్షించుటకు ఇంతకన్న మంచి పాఠము దొరకదు.

తరువాతి మెట్టు మరింత ఆశ్చర్యకరము. ఆ అణువునే కొద్దిగా మార్చి, అమినోప్టెరిన్‌ను తయారుచేసిరి. అది తాళములో దూరి, తిరుగని తాళపుచెవి వంటిది. త్వరత్వరగా పెరుగు కణము దానిని ఫోలిక్ ఆమ్లమని భ్రమించి, పెరుగుట మానును. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీనిని రక్తపు క్యాన్సరు గల 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి తాత్కాలికముగా మేలు కలిగినట్లు 1948లో ప్రకటించెను. దీనికి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో ఉన్నది.

"ఆరియోమైసిన్‌ను సుబ్బారావు కనిపెట్టెను" అను వాక్యమును మాత్రము తప్పక దిద్దవలెను. మిస్సోరి రాష్ట్రపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవినుండి దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలన్నింటికిని సారథ్యము వహించినవారు సుబ్బారావుగారు. డెబ్బది దాటిన వృద్ధుని పేరు తుడిచివేసి మనవారికి కీర్తి కట్టబెట్టుట న్యాయము కాదు. ఇక బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్ ఏ ప్రాణియు తయారుచేయునది కాదు, రసాయనశాలలో పుట్టినది. గోదావరి మండలమునకు ఆ మందు ఎంత ముఖ్యమైనను, దానిని ఆరియోమైసిన్‌తో ఒకే గాటకట్టినచో విద్యార్థికి భేదము తెలియదు.

ఈ భేదము భీమవరమునకు పుస్తకములోని విషయము మాత్రమే కాదు. చుట్టుపట్ల చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నవి. క్లోరాంఫెనికాల్ కూడ మొదట మట్టిలోని సూక్ష్మజీవినుండి లభించినదే. రొయ్యల పెంపకములో దాని వాడుక నేడు నిషిద్ధము. సూక్ష్మజీవి తయారుచేసిన మందును అవసరము లేకున్నను వాడినచో, దానికి చావని సూక్ష్మజీవులే మిగిలి వృద్ధిపొందును. అప్పుడు మనిషికి జబ్బు చేసినను ఆ మందు పనిచేయదు. చెరువుగట్టున పెరుగు పిల్లవానికి ఈ సంగతి తెలియకుండ సుబ్బారావుగారి పాఠము పూర్తికాదు.

1948 ఆగస్టులో వారు కన్నుమూసిరి. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అను పేరు పెట్టిరి. రాని బహుమానమునకై విచారించుటకు వెచ్చించు కాలములో, మెల్లమెల్లగా చిక్కబడిన ఆ రంగును గురించి ఉపాధ్యాయుడు పది నిమిషములు చెప్పినచో చాలును. దోషమని తోచినదానిని రెండవమారు చూచు విద్యార్థి ఒక్కడైనను ఆ తరగతిలో ఉండకపోడు.