‘నఖాబ్’లో మనం చదవని సగం

షాజహానా కవితా సంపుటి ‘నఖాబ్’ 2005లో వచ్చింది. పేరు చూడగానే నాతో సహా చాలామందిమి బురఖా బాధల కోసం వెతికాం. ఆమె ఇంటి మగపెత్తనాన్నీ, బయటి సమాజపు వివక్షనీ కలిపే నిలదీసింది. మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని దాటేశాం.

చదువు విషయంలోనూ అంతే. ‘వాళ్ళు పిల్లల్ని మదర్సాకే పంపుతారు’ అనేస్తాం. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్ళేది సుమారు 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆడపిల్లల చదువు ఆగడానికి పేదరికాన్నీ, దగ్గర్లో బడులు, హాస్టళ్ళు లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. పెన్‌పహాడ్ నుంచి సూర్యాపేట కాలేజీకి వెళ్ళాలనుకునే ముస్లిం పిల్లకి, ఊళ్ళో మిగతా ఆడపిల్లల్లాగే, ముందు కావలసింది బస్సూ ఫీజూ. ఆమెని మాత్రం బురఖా గురించే అడుగుతాం.

ఆ రెండో సగం కోసమైనా ‘నఖాబ్’ని మళ్ళీ తెరవాలి.