నాయనమ్మ ప్రోనోటు

మొన్న డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక, అలవాటు ప్రకారం పళ్ళెంలోంచి కొత్త ఏడాదికని తలా ఒక బైబిలు వాగ్దానం కార్డు తీసుకున్నాం. నా పక్కనున్న కుర్రాడు తన కార్డుని తిప్పి తిప్పి చూసి, "ఉద్యోగం పోయి నాలుగు నెలలైందండీ. ఇంక నా వల్ల ఏదీ కాదనిపిస్తోంది" అన్నాడు. నేను నోరు విప్పేలోపే వెనక వరసలోని పెద్దాయన అందుకున్నారు. "నెగెటివ్ మాటలు నోట రానీయకు బాబూ, సాతాను వింటాడు. వాగ్దానం పట్టుకో, అంతే." కుర్రాడు కార్డు జేబులో పెట్టుకుని తలొంచుకున్నాడు.

ఆ 'అంతే' నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పాత పాట తెలిసిందే. బదరీ వృక్షం కింద కూలబడి, ప్రాణం తీసుకోమని మొరపెట్టిన ఏలీయాకి దూత నీతులు చెప్పలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, నిద్రపోనిచ్చాడు, లేపి మళ్ళీ పెట్టాడు. దిగులుకి డాక్టరు మాత్రలిస్తే వేసుకోవడం అవిశ్వాసం కాదని వాదించినప్పుడల్లా ఈ రొట్టెనే సాక్ష్యానికి పిలుస్తాను. ఆ ఊపులోనే ఈ వారం వాగ్దానం కార్డుల పని పడదామని కూర్చున్నాను. లాటరీ టికెట్టులా తీయడమేమిటి? 150 కీర్తనల్లో అన్ని మొరలుంటే ఒక్కటీ కార్డు మీదికి ఎక్కదేమిటి? ఆ మొరలు చాలావరకు చివరికి ఏదో ఒక ఆశ దగ్గర ఒడ్డెక్కుతాయి. 88వ కీర్తన మాత్రం చీకట్లోనే ఆగిపోతుంది. అది ఎవరి కార్డులోనైనా వచ్చిందా?

88 అనగానే నాయనమ్మ గుర్తొచ్చింది. హయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. పొద్దున్నే పొయ్యి వెలిగించకముందు రోజుకో కీర్తన, వరస తప్పకుండా, పైకి చదివేది. చిన్నాన్న పోయిన ఏడాది 88 వంతు వచ్చింది. "ఇవాళ్టికి అది వదిలెయ్యవే" అన్నాను. "ఆయన రాయించింది నేను దాచేదేంట్రా?" అని మొత్తం చదివి, పుస్తకం మూసేసింది.

మర్నాడు 89. అది పాటగా మొదలవుతుంది. దావీదుకి దేవుడు చేసిన ప్రమాణాన్ని వివరంగా చెప్పుకొస్తుంది. 38వ వచనం దగ్గర గొంతు మారుతుంది. నువ్వే తోసేశావు, కిరీటం మట్టిపాలు చేశావు, ఒట్టేసి చెప్పిన ఆ పాత కృప ఏమైందని నిలదీస్తుంది. నాయనమ్మ అక్కడ ఆగింది. బైబిల్లోంచి ఆ ఏడాది కార్డు తీసింది. కాపాడతానన్న మాటే ఉంది దాని మీద. కార్డుని చూపుడువేలితో కొట్టి, "ఏం ప్రభువా, ఈ మాట నీదే కదా?" అంది. మిరపకాయల వ్యాపారంలో తాతయ్య బాకీదారు ముందు ప్రోనోటు పెట్టి అడిగేది సరిగ్గా ఆ గొంతుతోనే.

అడగడం అయ్యాక లేచి పొయ్యి వెలిగించింది. దుఃఖం తీరిపోయిందని నేను చెప్పను. ఆ కార్డు ఏడాది పొడుగునా బయటికి వస్తూనే ఉంది. కానీ నోరు నొక్కేసిన దిగులు లోపలే ముదురుతుంది. ఎవరి మీద ఫిర్యాదో ఆయన ముందే పెడితే అది ప్రార్థనవుతుంది. వింటాడన్న నమ్మకం లేని మనిషి దేవుడితో తగువు పెట్టుకోదు.

కాబట్టి కార్డుల మీద ఎక్కుపెట్టింది దించేస్తున్నాను. వాగ్దానం పట్టుకోమన్నంత వరకు పెద్దాయనదే ఒప్పు. పట్టుకుని అడగమని కూడా అనాల్సింది.

వచ్చే ఆదివారం ఆ కుర్రాడు కనిపిస్తే కార్డు జేబులో ఉందో లేదో చూస్తాను. ఉంటే ఇద్దరం కూర్చుని 89 తీస్తాం. దానికి ముందు టిఫిను. ఏలీయాకి జరిగిన వరసలోనే.