పరిమళము లేని శుచి

శుచి యనగా మాలిన్యమును తొలగించుట మాత్రమే కాదు, దాని స్థానమున నొక సువాసనను నిలుపుట కూడ నని మన యిండ్లలో బాల్యమునుండియు నలవడిన భావము. తలంటుకు సున్నిపిండియు, కురులకు కొబ్బరినూనెయు, పిదప జడలో మల్లెలును లేనిచో స్నానము సంపూర్ణమైనట్లు మనకు తోచదు. నావలె కాలిఫోర్నియాలో స్థిరపడి, వేసవి వచ్చినంతనే వీపున సంచి తగిలించుకొని సియెర్రా నెవాడా పర్వతములలో దినముల తరబడి నడచి, రాత్రులు గుడారములలో పరుండు తెలుగువారు, ఈ భావములో మొదటి సగమును మాత్రమే వెంట దీసికొనిపోయి, రెండవ సగమును ఇంటనే విడువవలసి యున్నది. సున్నిపిండి సబ్బుకన్న మేలు గదా యని కొందరడిగెదరు. కాని వాసన పట్టి వచ్చు అక్కడి ఎలుగుబంటికి పెసలతో చేసిన యా పిండి కేవలము ఆహారము.

యోసమిటీ జాతీయవనపు టరణ్యములో రాత్రి గడపువారెల్లరును బేర్ కానిస్టర్ అను గట్టి డబ్బాను వెంట గొనిపోవలెనని నియమము. తినుబండారములతోపాటు సబ్బు, టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, పెదవులకు రాసికొను లేపనము, తుదకు ఆనాటి చెత్తయు నందులోనే చేరవలెను. మనకు దంతధావనమునకు మాత్రమే పనికివచ్చునది నల్లయెలుగు నాసికకు పుదీనా వాసనగల తీపివస్తువు. ఈ నియమము వెనుక నొక విచారకరమైన చరిత్ర కలదు. 1940 వరకును ఆ వనమందే మనుష్యులు పారవైచిన యెంగిలిని ఎలుగులకు వేసి, చూపరులకు వినోదముగా ప్రదర్శించెడివారు. అట్లు మన తిండికి మరిగి జనావాసములపై బడిన మృగములనేకము పిదప చంపబడినవి. మనుష్యుని వాసనను ఆహారముతో ముడివేసికొన్న యెలుగునకు ఆ పాఠమును మరపించుట మిక్కిలి కష్టము. కావున నా సబ్బుబిళ్లను దాచుట నా ప్రాణముకన్న దాని ప్రాణమునకే యెక్కువ యవసరమని నా దృఢవిశ్వాసము.

ఇక స్నానము. ఏటికిని సరస్సునకును 200 అడుగుల దూరమునకు పాత్రతో నీటిని మోసికొనిపోయి, తడిగుడ్డతో మెడ, చంకలు, గజ్జలు, పాదములు తుడుచుకొని, ఆ నీటిని నేలపై విరళముగా చల్లుటయే అక్కడి స్నానవిధి. ప్రకృతిలో కలసిపోవునని చెప్పి యమ్ము సబ్బు సైతము మట్టిలోని సూక్ష్మజీవులవలన విచ్ఛిన్నమగునేగాని, చల్లని కొండసరస్సులో గాదు. నీటిలో మలమూత్రములను, ఉమ్మిని విడువరాదని మనుస్మృతి చతుర్థాధ్యాయమున విధింపబడియుండుటచే, ఈ మర్యాద మనవారికి క్రొత్తది కానేరదు. దేహమునకు సబ్బు లేకున్నను లోటు లేదు; చేతులకు మాత్రము, మలవిసర్జనానంతరమును భోజనమునకు ముందును, అది తప్పనిసరి, ఏలయన అరణ్యములో కడుపుజబ్బు పెక్కుమారులు చేతులనుండియే వచ్చును. మలవిసర్జనకు 6 మొదలు 8 అంగుళముల లోతు గుంట త్రవ్వవలెను. అందులో కాగితమును పూడ్చినచో మృగములు త్రవ్వి వెలికిదీయును గనుక, దానిని సంచిలో మూసి తిరిగి మోసికొని రావలెను. చెంబునీటి యలవాటు గల మనకా బరువు లేదు, చిన్న సీసా చాలును. మన పద్ధతి యింత చక్కగా నొప్పు తావును నేను మరియొకటి చూడలేదు.

చెమటలోని ఉప్పును చాలమంది లెక్కింపరు, కాని వాసనవలెనే అదియు మృగములను రప్పించును. వాషింగ్టన్ రాష్ట్రమందలి ఒలింపిక్ పర్వతములకు 1920 దశకమున వేటకై తెచ్చి విడిచిన కొండమేకలు, అక్కడ లవణము సహజముగా దొరకనందున, బాటసారుల స్వేదమునకును మూత్రమునకును మరిగి, మనుష్యుల భయమును విడిచినవి. 2010లో ఒక మేక ఒక బాటసారిని పొడిచి చంపెను. 2018 మొదలు 2020 వరకు వందలకొలది మేకలను హెలికాప్టర్లతో తరలించిరి. సియెర్రాలోను మార్మొట్లను ఉడుతజాతి జంతువులు ఉప్పునకై సంచిపట్టీలను కొరుకుటకు వెనుదీయవు. సాయంకాలమున పట్టీలను, చేతికర్రల పిడులను వట్టినీటితో తుడిచి యారవేయుట, బాటకు దూరమున పచ్చికపై గాక రాళ్లపై మూత్రవిసర్జన చేయుట యిందులకే.

తల్లులు కుమార్తెలను నడకకు పంపుటకు జంకి, తరచుగా నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: ఋతుదినములందు ఎలుగులు రావా యని. ఈ భయమునకు మూలము 1967 ఆగస్టు. మొంటానాలోని గ్లేషియర్ జాతీయవనమున ఒకే రాత్రి, వేర్వేరు చోట్ల, ఇరువురు యువతులు గ్రిజ్లీ ఎలుగులవలన మరణింపగా, రజస్సువాసనయే కారణమని లోకము చెప్పుకొనెను. ఆ పరిసరముల ఎలుగులు మనుష్యుల చెత్తకు అలవాటుపడియుండుట యను ప్రధానకారణము చాలమంది చెవులకు చేరలేదు. నింద మాత్రము స్త్రీశరీరముపై నిలిచిపోయెను. పంజరములోని ధ్రువపు ఎలుగులు ఆ వాసనకు స్పందించిన మాట నిజమే. కాని మిన్నెసోటాలో నల్లయెలుగులపై జరిపి 1991లో ప్రకటించిన పరిశోధనలో అవి దానిని పట్టించుకొననే లేదు. సియెర్రాలో నున్నవి నల్లయెలుగులే. కావున ఆ దినములందు నడక మానవలసిన పని లేదని ఆ తల్లులకు నేను నిస్సంశయముగా చెప్పుదును. వాడిన ప్యాడ్లను పూడ్చక, కాల్చక, గట్టిగా మూసిన సంచిలో నుంచి డబ్బాలో వేయవలెను. పరిమళము పూసినవి కొనరాదు. కడుగుకొన్న నీటిని ఏటికి 200 అడుగుల దూరముననే గుంటలో పోయవలెను. డబ్బాలో ఆ సంచికి చోటు మిగులునట్లు తినుబండారములను ఇంటివద్దనే సర్దుకొనవలెను, ఏలయన కొండపై రెండవ డబ్బా దొరకదు.