సదాశివ ‘యాది’: ముచ్చటయే శిల్పము

సామల సదాశివగారి (1928–2012) జన్మస్థలము తెనుగుపల్లె. బెల్లంపల్లి వలెనే అదియు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. వారి ‘యాది’లో కాలక్రమము లోపించినదని ఆక్షేపింపవచ్చును. తేదీలను వెదకు చరిత్రకారునకు అది చిక్కే. సాహిత్యదృష్టితో దోషము కాదని మేము తలచుచున్నాము. ఆ రచనకు మూలము ముచ్చట. ముచ్చట చెప్పువాడు సంవత్సరముల నెన్నడు. ఒకని పేరు మరియొకనిని తలపునకు దెచ్చును. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలసిమెలసిన సీమలో మాట భాషల యెల్లలను సహజముగనే దాటును. ‘స్వరలయలు’ కృతికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము నందిన సదాశివగారు హిందుస్తానీ సంగీత మర్మజ్ఞులు. రాగమును విస్తరించు గాయకుడు ఎంత దూర మేగినను షడ్జమమునకు మరలును. వీరును అట్లే తా మెరిగిన మనుష్యులకు మరలుదురు. ఆత్మకథను ఆత్మస్తుతి కాకుండ కాపాడినది ఈ గుణమే. కావున ‘యాది’ని కేవల సమాచారముగా గ్రహించు పరిశోధకుడు అందలి శిల్పమును కోల్పోవును.