నిరోధకము భరింపగల వోల్టులు: పాఠములో ఒక లోపము

ఉన్నత పాఠశాలలో విద్యుత్తును గూర్చిన పాఠము ఓము నియమముతో ఆరంభమై, వాటుల లెక్కలతో ముగియుట పరిపాటి. ఈ క్రమములో తప్పు లేదు. కాని నిరోధకము భరింపగల వోల్టులకును ఒక హద్దు ఉన్నదని విద్యార్థికి చెప్పుట అరుదు. ఈ లోపము చిన్నది కాదు.

వరి చేలు, రొయ్యల చెరువులు గల అల్లూరు ప్రాంతములో దోమల బ్యాటు ఎరుగని విద్యార్థి ఉండడు. దాని వలలో వోల్టేజి వేయి దాటుట సామాన్యము. స్విచ్చి ఆపిన తరువాత కూడ కెపాసిటరులో విద్యుదావేశము నిలిచియుండును. దానిని హరింపజేయుటకు ఒక నిరోధకమును అమర్చుదురు. అది కోటి ఓములది, వోల్టేజి 1,500 అనుకొందము. వోల్టుల వర్గమును ఓములతో భాగించిన 0.225 వాటు వచ్చును. కనుక పావు వాటు నిరోధకము చాలునని విద్యార్థి వ్రాయును, మార్కులును వచ్చును. కాని అట్టి కర్బనపు పొర నిరోధకమునకు తయారీదారులు సాధారణముగా విధించు హద్దు 250 వోల్టులే! వేడి మితములోనే ఉన్నను, పొర చుట్ల నడుమ నిప్పురవ్వ దాటవచ్చును; పొర తెగిపోవచ్చును. అప్పుడు ఆపిన బ్యాటు కూడ తాకిన చేతిని కొట్టును.

మార్గములు రెండు. సమాన నిరోధకములను ఎనిమిదింటిని శ్రేణిలో కలిపిన, ఒక్కొక్క దానిపై సుమారు 188 వోల్టులే పడును. లేదా అధిక వోల్టేజి నిరోధకమునే వాడవలెను. పొడవైన పింగాణి కడ్డీపై నిరోధక పదార్థమును మెలికలుగా పూసి, పైన రక్షణపూత వేసి దీనిని చేయుదురు. పొడవు పెరిగినకొలది వోల్టులు ఎక్కువ దూరమునకు పంచబడును.

సముద్రతీరమున మరియొక చిక్కు కలదు. ఉప్పు, తేమ కడ్డీపై చేరి విద్యుత్తుకు దొంగదారి కల్పించును. వోల్టేజిని వేయవ వంతుకు తగ్గించి కొలుచు సాధనములో మొత్తము 100 కోట్ల ఓములుండి, పై నిరోధకము మీద అంతే విలువ గల ఉప్పుదారి ఏర్పడినచో, 25 వేల వోల్టులు దాదాపు 50 వేలుగా కన్పించును. శుభ్రత ఇక్కడ అలంకారము కాదు, కొలతలో భాగము.

ఇది ఉన్నత పాఠశాలకు మించినదని కొందరందురు. కాని పై లెక్కలో పదవ తరగతికి మించినది ఏమున్నది? ప్రయోగము చేయింపనక్కరలేదు, చేయింపరాదు కూడ. వాటుల లెక్క ముగిసిన పిమ్మట, “ఇది ఎన్ని వోల్టులు భరించును?” అని ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న అడిగిన చాలును.