నచ్చడం వేరు, మంచిదనడం వేరు

మన రచయితల సమావేశాల్లో ఒక మాట తరచూ వినబడుతుంది. ఎవరో కవిత చదువుతారు. దాని మీద ఇద్దరు వాదించుకుంటారు. మూడో మనిషి లేచి "ఎవరి ఇష్టం వారిది, వదిలేయండి" అంటాడు. గొడవ ఆగిపోతుంది. గొడవతో పాటు విమర్శ కూడా ఆగిపోతుంది. కాలేజీల్లో సాహిత్యం చదివి వచ్చిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకో మాట మోసుకొస్తారు. కవిత్వానికి కొలతలు ముందే ఉన్నాయట. ఛందస్సు, అలంకారం, శిల్పం అనే ఆ కొలతలకు అందనిది కవిత్వమే కాదట. మొదటి మాట ప్రకారం విలువలన్నీ మనిషి మనసులోనే ఉన్నాయి. రెండో మాట ప్రకారం అవి మనుషులతో పని లేకుండా ఎక్కడో స్థిరంగా ఉన్నాయి. ఈ రెండింటిలో దేన్ని ఒప్పుకున్నా ఆదివాసీ సాహిత్యానికి నష్టమే.

కొలతల వాదం చేసిన నష్టం మనకు తెలిసిందే. రాతలో లేని పాటకు ఆ కొలతల్లో చోటు దొరకలేదు. ఇష్టాల వాదం చేసే నష్టం మాత్రం అంత త్వరగా కనబడదు. అది మర్యాదగా మాట్లాడుతుంది. "మీ పాట మీకు గొప్ప" అంటుంది. ఆ మెచ్చుకోలులో ఒక మెలిక ఉంది. మీకు గొప్ప గనుక మేము పట్టించుకోనక్కర్లేదని దాని అర్థం. మన పాటను తీసిపారేసినవాడు కూడా "అది నా అభిప్రాయం" అని తప్పించుకుంటాడు. అతన్ని నిలదీయడానికి మన చేతిలో ఏమీ మిగలదు.

1757లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అభిరుచి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో 'డాన్ క్విక్సోట్' నవలలోని ఒక కథ చెబుతాడు. పీపాలో ఉన్న వైన్ రుచి చూసి చెప్పమని ఇద్దరిని అడుగుతారు. మంచిదే గానీ కాస్త తోలు వాసన వస్తోందంటాడు ఒకడు. ఇనుము రుచి తగులుతోందంటాడు రెండోవాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున తోలు తాడు కట్టిన తాళంచెవి ఉంది. జీలుగు కల్లు తెలిసిన మన ఊళ్లలో ఈ కథకు వివరణ అక్కర్లేదు. రుచి తెలిసేది నాలుకకే. కానీ తాళంచెవి పీపాలో ఉంది. తీర్పు చెప్పేది మనిషే అయినా, ఆ తీర్పుకు ఆధారం బయట ఉంటుంది. దాన్ని ఇంకొకరు కూడా వెతికి చూడవచ్చు.

అయితే ఈ కథ సగం దూరమే తీసుకెళ్తుంది. తోలు ఉందని తేలింది సరే, తోలు వాసన దోషమా కాదా అన్నది ఎలా తేలుతుంది? దీనికి జవాబు మన దగ్గరే ఉంది. ఆదిలాబాద్ గోండుల ఇళ్లలో పర్ధాన్లు కిక్రి వాయిస్తూ పెర్సాపేన్ కథలు పాడతారు. ఆ పాట వినోదానికి మాత్రమే పాడేది కాదు. ఒక వంశం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ సగకు చెందింది, ఎవరితో వియ్యమందవచ్చు అన్న జ్ఞాపకమంతా అందులో ఉంటుంది. గొంతు ఎంత తియ్యగా ఉన్నా, సగల వరస తప్పితే ఆ పాట దెబ్బతిన్నట్టే. వరస సరిగ్గా ఉండి గొంతులో ప్రాణం లేకపోయినా పాట నిలవదు. పాట ఏ పని కోసం పుట్టిందో తెలిస్తే, ఏది గుణం, ఏది దోషం అన్నది చాలావరకు తెలుస్తుంది. కోయ డోలి కళాకారులు పడిగె పట్టి చెప్పే సమ్మక్క-సారలమ్మ కథ కూడా అంతే. ఆ కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ పాట విలువ మాత్రం పురస్కారంతో పుట్టలేదు. ముందు నుంచీ ఉన్నదాన్నే ఢిల్లీ ఆలస్యంగా గుర్తించింది. "ఆలస్యంగా" అనగలుగుతున్నామంటేనే విలువ గుర్తింపు మీద ఆధారపడి లేదని ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు మనందరం చూసిన ఒక సినిమా తీసుకుందాం. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'. మన యువకులలో కొందరికి అది ప్రాణం, కొందరికి ఒళ్లుమంట. ఇక్కడ మూడు మాటలు కలిసిపోతున్నాయి. "నాకు నచ్చింది" అన్నది ఒకటి. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. "ఇది చరిత్ర" అన్నది రెండోది. దాన్ని పరీక్షించవచ్చు. అల్లూరి సీతారామరాజు 1924లో చనిపోయాడు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. భీం పోరాడింది నిజాం సర్కారు మీద, సినిమాలో తెల్లదొర మీద. ఇది కల్పన అని సినిమా తీసినవాళ్లే చెప్పారు కాబట్టి ఆ వాదన అక్కడితో సరి.

మూడోది "ఇది మంచి కథ" అన్నది. అసలు విమర్శ ఇక్కడ మొదలవుతుంది. చివర్లో నీకేం కావాలని రాముడు అడిగితే, మావాళ్లకు చదువు చెప్పమంటాడు భీం. ఇది అవమానం అన్నారు కొందరు. మన తల్లిదండ్రులు కోరుకున్నదీ చదువే కదా, తప్పేముంది అన్నారు ఇంకొందరు. ఇద్దరూ తమ ఇష్టాన్ని చెప్పి ఆగితే ఇది తేలదు. సినిమాలోకే వెళ్లి చూద్దాం. పాము కరిచిన రాముణ్ణి బతికించింది భీం. దెబ్బతిన్న కాళ్లకు ఆకుపసరు వైద్యం చేసి లేపింది భీం. ఇంత తెలిసినవాడు చివరికి ఏమీ తెలియనివాడిగా చెయ్యి చాపుతాడు. అతను నేర్పింది చదువు కిందికి రాదు, రాముడు నేర్పేదే చదువు. చరిత్రలోని భీం తన డిమాండ్‌ను తానే చెప్పుకున్నవాడు. జల్, జంగల్, జమీన్ అన్న నినాదంతోనే అతన్ని ఇవాళ్టికీ తలుచుకుంటున్నాం. కాబట్టి చదువు అడగడం లోపం కాదు. తాను చూపించిన జ్ఞానాన్నే సినిమా తానే మరిచిపోవడం లోపం. ఈ మాటతో మీరు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీరూ సినిమాలోంచే ఒక దృశ్యం చూపించాలి. "నాకు అలా అనిపించలేదు" అంటే సరిపోదు.

ఇదంతా సినిమాల గొడవే అనుకోకండి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవాళ్లకు కూడా ఆ ముద్ర వేశారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టాయి. పుట్టుకతోనే నేరస్థులన్నది ఒక తీర్పు. దాన్ని రిజిస్టర్లలో, నివేదికల్లో వాస్తవం లాగా రాసుకున్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అధికారంలో ఉన్నవాడి అభిప్రాయం "నిష్పాక్షిక సత్యం" వేషం ఎలా వేస్తుందో ఇది చూపిస్తుంది. అందుకని విలువలన్నీ ఎవరి ఇష్టం వాళ్లవే అనేద్దామా? అలాగైతే ఆ చట్టం తప్పు అని కూడా మనం అనలేం. వాళ్లకు అలా అనిపించింది, మనకు ఇలా అనిపిస్తోంది, అంతే అనాలి. ఎరుకల కుటుంబాలు పడ్డ బాధ ముందు ఆ మాట నిలబడదు. ఆ చట్టం తప్పు. మనకు నచ్చకపోవడం వల్ల కాదు, ఏ నేరమూ చేయని పసిబిడ్డ మీద నేరం మోపింది కాబట్టి తప్పు. అబద్ధపు కొలతను ఓడించాలంటే సరైన కొలత కావాలి. కొలతలే వద్దంటే అబద్ధపు కొలతే గెలుస్తుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. క్లాసులో పాటో కథో చెప్పాక "బాగుందా?" అని అడిగి ఊరుకోకండి. ఎక్కడ బాగుంది, ఏ మాట దగ్గర, ఎందుకు అని అడగండి. పిల్లవాడు వేలు పెట్టి చూపించాలి. పక్క పిల్ల కాదంటే ఆమె కూడా చూపించాలి. మన యువ రచయితలు తోటివాళ్ల రచనను మనవాళ్లది అని మెచ్చుకోవద్దు, పండితుడు కాదన్నాడని సిగ్గుపడవద్దు. కారణం అడగండి, కారణం ఇవ్వండి. మన పాటలను గౌరవించడం అంటే వాటిని పరీక్షకు పెట్టడమే. ఆ పరీక్షకు మన పాటలు తట్టుకుంటాయి.